రాయి మగ్గం

మొన్న ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుంటే ఆటో నడిపే పిల్లవాడు లోపల కూర్చున్న వాళ్లను కేకేశాడు. “జర జరుగుండ్రి, కుంటవ్వ కూసుంటది.” మోకాలు అరిగి నా చేతికి కర్ర వచ్చి నెల కూడా కాలేదు. నా వెనక ఇంకెవరైనా ముసలామె ఉన్నదేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ అవ్వను నేనే.

కోడలికి కోపం వచ్చింది. “ఏం మాటయ్యా గది? మా అత్తమ్మను గట్లంటవా?” అని అతని మీదికి పోయింది. పాపం, ఆ పిల్లవాడు బిత్తరపోయాడు. నాకు గాలి తగిలే చోటు ఇప్పించింది అతనే, చెయ్యి పట్టుకుని ఎక్కించిందీ అతనే. కోడలిని ఊరుకోమన్నాను. నాకు నవ్వే వచ్చింది. కాని ఆ మాట నా పక్కనే కూర్చుని ఇంటిదాకా వచ్చింది. ఎందుకంటే పదేళ్ల వయసులో నేనే ఆ మాట అన్నాను. అదీ, ఇంట్లో అందరికన్నా నన్ను ఎక్కువగా ముద్దు చేసిన మనిషిని. ఈ సంగతి ఇన్నేళ్లలో పిల్లలకు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పేదెప్పుడు?

మాది కరీంనగర్ వైపు ఒక నేతగాళ్ల ఊరు. ఇంట్లో పెద్ద గది మగ్గాలది, మిగిలిన చోట మనుషులం సర్దుకునేవాళ్లం. గదిలో మూడు గుంత మగ్గాలుండేవి. చూడని వాళ్ల కోసం చెప్తాను. నేలలో నడుము లోతు గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి నేస్తారు. కాళ్ల కింద రెండు తొక్కుడు కర్రలుంటాయి. ఒక కాలితో ఒకటి తొక్కితే సగం దారాలు పైకి లేచి, అడ్డదారం మోసే నాడె అటు పోతుంది. రెండో కాలితో రెండోది తొక్కితే మిగిలిన సగం లేచి నాడె ఇటు వస్తుంది. పొద్దంతా అంతే. ఎండాకాలం ఆ గుంతల్లో చల్లగా ఉండేది. తడి మన్ను వాసన, గంజి వాసన, నాడెకు రాసిన నూనె వాసన కలిసి ఉండేవి. మా తాత పోయిన తర్వాత ఆయన గుంత ఖాళీగా ఉండిపోయింది. అందులో దిగి మక్క ప్యాలాలు తినడం మా పని. ప్యాలాలు మగ్గం కింద చల్లినందుకు తిట్లు తినడం కూడా మా పనే.

ఒక మగ్గం మా బాపుది, అంటే నాన్నది. ఇంకొకటి మా పెద్దబాపుది, అంటే నాన్న వాళ్ల అన్నయ్యది. పెద్దబాపుకు మూడేళ్లప్పుడు జ్వరమొచ్చి కుడికాలు ఎండిపోయిందట. పెండ్లి కాలేదు. ఇంట్లో చేతుల మీద జరుగుతూ తిరిగేవాడు, బయటికి పోతే చంకలో కర్ర. రెండు కాళ్లతో నేసే మగ్గం మీద ఒక కాలి మనిషి ఎట్లా నేస్తాడు? మా తాత దానికి ఉపాయం చేశాడు. కుడివైపు తొక్కుడు కర్ర తీసేసి ఆ తాడుకు వాగులో నుంచి తెచ్చిన నున్నటి రాయి కట్టాడు. పెద్దబాపు ఎడమకాలితో తొక్కితే రాయి పైకి లేచేది. కాలు వదిలితే రాయి తన బరువుకు తానే దిగి రెండో సగం దారాలను లేపేది. బాపు మగ్గం టకటకమని కొట్టుకుంటుంటే, పెద్దబాపు మగ్గం నుంచి ఆ టకటకల మధ్య గుంతలో దబ్, దబ్ అని రాయి దిగే చప్పుడు వినపడేది. నేను పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడుకు నిద్రలేచాను.

దాంతో ఊళ్లో ఆ మగ్గానికి రాయి మగ్గం అని, ఆయనకు రాయి మగ్గపాయన అని పేరు పడింది. ఆయన నేసిన చీర అంచు చెరగు నుంచి చెరగుదాకా ఎక్కడా వంకర పోయేది కాదు. దారిలో ఎవరైనా నన్ను ఆపి “ఎవల బిడ్డవే?” అంటే, బాపు పేరు చెప్పేదాన్ని కాదు. “రాయి మగ్గపాయన తమ్ముని బిడ్డను” అనేదాన్ని. “అట్లనా!” అని తల నిమిరేవాళ్లు. ఒకామె ఒకసారి కొంగులోని రేగుపండ్లు కూడా పెట్టింది.

రాయి గురించి చెప్తే ఇప్పటి వాళ్లు నమ్మరు కాని, దాన్ని చూసి అసూయ పడ్డ వాళ్లు కూడా ఉన్నారు. పక్క వాడలో కొత్తగా పెండ్లయిన నేతగాడు ఒకడు నాలుగు రోజులు మా ఇంటికొచ్చి, గడపలో కూర్చుని, పెద్దబాపు నేత చూసిపోయాడు. అయిదో రోజు అతని పెండ్లాం గోడుగోడున ఏడ్చుకుంటూ వచ్చింది. “అన్నా, నువ్వన్న మా ఆయనకు చెప్పు. ఉన్న కాలును మడిచి పక్కకు పెట్టుకొని మగ్గానికి రాయి కట్టిండు. పడుగంత తెంపిండు.” బట్ట అంత బాగా రావడానికి రాయిలోనే ఏదో మతలబు ఉన్నదని అతని లెక్క. పెద్దబాపు కండ్ల నీళ్లొచ్చేదాకా నవ్వి, అతన్ని పిలిపించాడు.

“తమ్మీ, రాయిల ఏం లేదురా. నా కాలికి బదులు గది. నీకు రెండున్నయి గద.”

“చెప్పుడు ఇష్టం లేక గట్లంటున్నవు గని...” అని అతను మూతి ముడుచుకుని పోయాడు. చాలా రోజులు మాట్లాడలేదు కూడా. అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటగా అనిపిస్తుంది. మా పెద్దబాపుకు ఏదో తక్కువని కాదు, తమకు లేనిదేదో ఉన్నదని అనుకున్న ఊరు అది.

ఇంట్లో సంగతి వేరు. మా బాపమ్మ ఆ కాలి గురించి కుంటి, అవిటి అనే మాటలు ఇంట్లో ఎవరినీ అననిచ్చేది కాదు. “నా కొడుకు కాలు అలిగింది” అనేది. ఆ అలక తీర్చడానికి ఆమె మొక్కని దేవుడు లేడు, దర్గాల దగ్గర తాయెత్తులు కట్టించింది, హకీముల చుట్టూ తిరిగింది. ప్రతి శుక్రవారం ఏదో ఆకుపసరు కలిపిన నూనె వేడి చేసి ఆ కాలికి మర్దన చేసేది. ఆ రోజు ఇల్లంతా ఆ చేదు వాసనే. జొన్నరవ్వతో వండిన గటకలో సల్ల పోసుకుని తిన్నా చేదుగా ఉన్నట్టే అనిపించేది.

అలిగింది అంటే నేను నిజంగానే అలిగిందనుకున్నాను. నాకు అలక వస్తే అవ్వ, అంటే మా అమ్మ, బెల్లం ముక్క పెట్టేది, నేను తేరుకునేదాన్ని. అందుకని ఒక మధ్యాహ్నం పెద్దబాపు కునుకు తీస్తుంటే, ఆ ఎండిన కాలి వేళ్ల మధ్య బెల్లం ముక్కలు పెట్టాను. కాలికి వినపడేట్టు మెల్లగా బతిమాలాను కూడా. కాలు తేరుకోలేదు కాని చీమలు మాత్రం వచ్చాయి. పెద్దబాపు ఉలిక్కిపడి లేచి, కాలు చూసి, నన్ను చూసి, “ఏందే, నా కాలుకు దసరా చేసినవా?” అన్నాడు. సంగతి చెప్తే చాలాసేపు నవ్వాడు. చీమలు దులిపి, అవి అంటని బెల్లం ముక్క వెతికి నా నోట్లో పెట్టాడు. ఆ నవ్వు వెనక ఏమున్నదో నాకు అప్పుడు తెలియదు.

ఆయనకు కండెలు చుట్టి ఇచ్చేది నేనే. నాడెలో పెట్టే చిన్న దారపు కండెలు. రాట్నం తిప్పడం, దారం జారకుండా వేళ్ల మధ్య పట్టడం ఆయనే నేర్పాడు. పొద్దున బడికి పోయేలోపు కొన్ని, వచ్చినంక కొన్ని చుట్టేదాన్ని. కండె అందించినప్పుడల్లా “శాబాష్ బిడ్డా” అనేవాడు, నూరోసారి కూడా మొదటిసారి అన్నట్టే.

తర్వాత మా ఊరికి సాంచాలొచ్చాయి. కరెంటుతో నడిచే ఇనుప మగ్గాలను మావైపు సాంచాలంటారు. రోడ్డు పక్కన ఒక సేటు రేకుల షెడ్డు వేసి వరసగా పెట్టించాడు. చూడటానికి ఊరంతా తిరునాళ్లకు పోయినట్టు పోయింది. ఒక మనిషి రెండు సాంచాల మధ్య నిలబడి, ఇటు అటు నడుస్తూ ఉంటే చాలు, బట్ట దానంతటదే దిగుతున్నది. ఒక్కొక్కరే షెడ్డుకు పోవడం మొదలుపెట్టారు. బాపు కూడా పోయాడు. ఏడాది తిరగకుండానే ఇంట్లోనే రెండు సాంచాలు పెట్టుకుందామన్నాడు. పెట్టాలంటే మగ్గాల గదే కావాలి. మూడు గుంతలూ పూడ్చాలి.

 ఒకరోజు పెద్దబాపు గంజి పెట్టిన అంగీ తొడుక్కుని, “పా బిడ్డా, సాంచ ఎట్లుంటదో చూసొద్దాం” అన్నాడు. నేను పక్కన నడిచాను. షెడ్డు దూరమేమీ కాదు, కాని కర్ర మీద ఆయనకు దూరమే. అంగీ వీపంతా తడిసిపోయింది. షెడ్డు గడపలో మేస్త్రి ఎదురొచ్చాడు. పెద్దబాపు తనకు పని నేర్పుతారా అని అడిగాడు.

“కుంటోనికి ఈడేం పనే?” అన్నాడు మేస్త్రి. “దినమంత నిలవడాలె. రెండు సాంచాల నడుమ తిరగాలె. నీతోని కాదు.”

అతను వెటకారంగా అనలేదు. వాన పడేట్టున్నది అన్నట్టు మామూలుగా అన్నాడు. ఆ మాట పెద్దబాపు ముఖం మీద ఎవరైనా అనగా నేను వినడం అదే మొదలు. పెద్దబాపు గోడ పట్టుకుని కాసేపు లోపలికి చూశాడు. “గా రెండో దాంట్ల పోగు తెగింది, చూసుకోండ్రి” అన్నాడు. అక్కడ నిలబడి ఉన్న పనివాడు అప్పటిదాకా చూసుకోనే లేదు. మేస్త్రి గబగబా అటు పోయాడు. మేము తిరిగి వచ్చేశాం.  

ఆ తర్వాత ఆ మాట ఎట్లా పాకిందో తెలియదు. ఎవరూ కూర్చుని అనుకున్నది కాదు. మగ్గాలు ఒక్కొక్కటి మూతపడుతుంటే రాయి మగ్గమనే మాటతో ఎవరికీ పని లేకుండా పోయింది. ముందు షెడ్డు కాడ, తర్వాత దుకాణం కాడ, తర్వాత నీళ్ల బావి కాడ, పెద్దబాపు కుంటాయన అయిపోయాడు. అదే కాలు, అదే మనిషి. నాకు పుట్టెడు కోపం రావాలి కదా? రాలేదు. పది మందీ అంటుంటే చెవికి అలవాటైపోయింది. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది.

సాంచాలకు గది సరిపోతుందో లేదో కొలవడానికి ఒకరోజు మేస్త్రి, అతని వెంట కొత్త మెకానిక్కు వచ్చారు. బాపు టేపు ఒక కొస పట్టుకున్నాడు. పెద్దబాపు తన గుంతలో కూర్చుని నేస్తూనే ఉన్నాడు. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను. మెకానిక్కు నీళ్లు తాగి చెంబు ఇస్తూ ఊరికే అడిగాడు. “ఎవల బిడ్డవే?”

“కుంటాయన తమ్ముని బిడ్డను” అన్నాను.

అతనికి తొందరగా అర్థమయ్యేది అదే కదా అని అన్నాను. వేరే ఆలోచన లేదు. గుంతలో రాయి ఆగిపోయింది.  బాపు చేతిలో టేపు కొస జారింది. బాపమ్మ వంటింట్లో నుంచి ఎప్పుడొచ్చిందో, నా మూతి మీద ఒక్కటిచ్చింది.

“కొట్టకవ్వా,” అన్నాడు పెద్దబాపు తల ఎత్తకుండానే. “పిల్ల ఇన్నదే అన్నది.”

కాసేపటికి రాయి మళ్లీ దిగడం మొదలైంది. మూతి మంట సాయంత్రానికి తగ్గింది. ఆయన నన్ను వెనకేసుకొచ్చిన మాట మాత్రం తగ్గలేదు. ఆ రోజు అవ్వ కాల్చిన సర్వపిండి రొట్టె కూడా ముట్టలేదు.

మగ్గం మీద ఉన్న పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోగానే గుంతలు పూడుస్తామని బాపు చెప్పాడు. మొరం మన్ను కూడా తెప్పించి వాకిట్లో పోయించాడు. ఇక నేను చేసిన పని చూడండి. పడుగు అయిపోవాలంటే కండెలు కావాలి. కండెలు చుట్టేది నేను. కాబట్టి చుట్టడం మానేశాను. రాట్నం తాడు తెగిందన్నాను. దారం చిక్కుపడిందన్నాను. కడుపునొప్పి అని ఒక రోజు పడుకున్నాను. చుట్టిపెట్టిన కండెలు కూడా తీసుకుపోయి మక్కలు నిలవచేసే గుమ్మిలో అడుగున దాచాను. మూడు రోజులు అట్లా గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెద్దబాపు పిలిచాడు.

“కండెలు యాడ దాచినవే?”

“నేనేం దాయలే.”

“నీ ఎంటికలల్ల మక్కల పొట్టున్నది.”

ఇక ఏం బుకాయించను? “గుమ్మిల ఉన్నయి” అన్నాను. “కండెలు లేకుంటే పడుగు ఒడువది. పడుగు ఒడువకుంటే గుంత పూడ్వరు.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. గుంత అంచున కూలబడి, “నేను గట్ల అన్న పెద్దబాపూ, నేను నిన్ను గట్ల అన్న” అని వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన మెడలోని తువ్వాలతో నా ముక్కు తుడిచాడు.

“కాలు కుంటిదే బిడ్డా. కుంటిదాన్ని కుంటిదంటే నాకేం రంది? మీ బాపమ్మ అలిగింది అంటది. తియ్యగనే ఉంటది ఇనెటందుకు. గని అలిగినోళ్లు ఎన్నటికన్న తిరిగొస్తరు గద? నేను సుత ఎదురుచూసిన. పొద్దుగాల లేవంగనే కాలు కదులుతాందా అని చూసుకునేది. ఎన్నేండ్లు చూసిన్నో ఎవలకెరుక? బెల్లం పెట్టుడొక్కటే తక్కువ.”

“మరి నేను అన్నప్పుడు మగ్గం ఎందుకు ఆపినవు?”

 ఆయన నాడెను తిప్పి తిప్పి చూశాడు.

“నువ్వు కాలు ఒక్కటే చెప్పినవు. నేసిన బట్ట చెప్పలే. నీకు రాట్నం తిప్పుడు నేర్పింది చెప్పలే. గా మేస్త్రికి నేనెవన్నో ఎరుకలేదు, కాలు కనవడ్డది, కాలే చెప్పిండు. నీకు ఎరుకేనాయె గద బిడ్డా.”

కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. లేచి పోయి గుమ్మిలో చేయి పెట్టి కండెలన్నీ తీసుకొచ్చి ఆయన పక్కన పెట్టాను. మక్కల పొట్టు పోయేట్టు ఒక్కొక్క కండె ఊది తుడిచాను. ఆయన ఒకటి తీసుకుని నాడెలో పెట్టుకుని, “శాబాష్ బిడ్డా” అన్నాడు.

రెండు రోజుల్లో పడుగు అయిపోయింది. మరునాడు పొద్దున్నే బాపు ముందు తాత గుంత పూడ్చాడు, తర్వాత తన గుంత పూడ్చాడు. పెద్దబాపు బట్ట కోసి మడత పెట్టి, చేతులు ఊని గుంతలో నుంచి పైకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అవ్వ, బాపమ్మ, నేను గడపలో నిలబడి ఉన్నాం.

“మన్ను పొయ్యి తమ్మీ” అన్నాడు.

బాపు గంప ఎత్తాడు. గుంత అంచుదాకా తెచ్చాడు. అక్కడ నిలబడిపోయాడు. గంప కింద పెట్టాడు.

“నాతోని కాదన్నా. ఒక్క సాంచనే పెట్టుకుంట.”

పెద్దబాపుకు కోపం వచ్చింది. ఆయనకు అంత కోపం రావడం నేను చూడలేదు. “నా మీద జాలితోని ఇల్లు ముంచుకుంటవా? పిల్ల ఉన్నది, పెండ్లాం ఉన్నది. పొయ్యి అంటున్న!”

“జాలి కాదే!” అన్నాడు బాపు. “నాకు నాడె ఇసురుడు నేర్పింది నువ్వు. గీ గుంతల మన్ను పోసి, నేను యాడ కూసొని బువ్వ తినాలె?”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడటం లేదు. అప్పుడు బాపమ్మ ముందుకు వచ్చింది. వంగి, ఆ గుంతలోకి చూసింది. తాడుకు వేలాడుతున్న రాయిని చూసింది. 

“వాని కాలు అలగలే. పోయింది. మూడేండ్లప్పుడే పోయింది, ఇగ రాదు. నేనే మనసొప్పక గట్ల చెప్పుకుంట వచ్చిన. ఆ కాలు బదులు మీ బాపు రాయి ఇచ్చిండు. దాన్ని సుత తీసేస్తే నా కొడుకు దేనితోని నేస్తడు?”

పెద్దబాపు తల్లి వైపు చూశాడు. ఎన్ని శుక్రవారాల నూనె, ఎన్ని మొక్కులు, ఎన్ని తాయెత్తులు దాటి ఆమె ఆ మాట దగ్గరికి వచ్చిందో ఆయనకు తెలుసు. ఆయన కండ్లు నిండాయి. తువ్వాలతో ముఖం ఒక్కసారి రుద్దుకున్నాడు. తర్వాత ఇంటి పెద్ద మాట్లాడినట్టు మాట్లాడాడు.

“అయితే గా మన్ను గంప ఎత్తుకపో తమ్మీ. మగ్గం అచ్చుల మిగిలిన దారాల మీద దుమ్ము పడ్తాంది.”

బాపు గంప ఎత్తుకుని వాకిట్లోకి పోయాడు. అవ్వ పొయ్యి వెలిగించడానికి పోయింది. బాపమ్మ ఆ శుక్రవారం నుంచి నూనె కాచలేదు.

ఆ తర్వాత ఆయన ఆ గుంతలో ఎన్నో ఏళ్లు నేశాడు. పక్కన బాపు సాంచ మోగుతుండేది. సాంచ బట్ట ఒంటికి పడదనే ముసలి వాళ్లు, తువ్వాళ్లు కావాలనే రైతులు ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఇల్లు గొప్పగా గడవలేదు, కాని గడిచింది. ఇంకొకటి కూడా నిజమే చెప్పాలి. ఊరి నోట్లో నుంచి ఆ మాట పోలేదు. చాలామందికి ఆయన చివరిదాకా కుంటాయనే. పిలిస్తే పలికేవాడు కూడా. కాని నాకు ఎక్కువగా గుర్తుండేది ఆ గొడవ జరిగిన మూడో నాటి పొద్దు.

కొత్త పడుగుకు గంజి పెట్టాలి. పడుగంటే వీధి పొడవునా దారాలు పరిచి కట్టాలి, గంజి పూసి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే చుట్టెయ్యాలి. దానికి పది చేతులు కావాలి. అంతకు ముందు వాడంతా వచ్చేది. ఇప్పుడు అందరూ షెడ్డుకు పోయే వాళ్లే. మేము నలుగురమే కట్టాం. పెద్దబాపు ఒక కొసన నేల మీద కూర్చుని బిగువు చూస్తున్నాడు. బాపు, అవ్వ చెరో పక్క కుంచె పట్టారు. నేను వీధి ఇవతలి కొసన, దారాలు కట్టిన కర్ర పట్టుకుని నిలబడ్డాను. పుల్లటి గంజి వాసన, తెల్లటి దారాల మీద పొద్దు. నాకు మళ్లీ ఆకలి పుట్టింది, చాలా రోజుల తర్వాత.

షెడ్డుకు పోయే వేళ అది. సైకిలు మీద మేస్త్రి వచ్చాడు. పడుగు దారికి అడ్డంగా ఉన్నది. బ్రేకు వేసి, ఒక కాలు నేల మీద ఊని, బెల్లు కొట్టాడు. ఎవరూ కదలలేదు. నా వైపు తిరిగి కసిరాడు.

“ఎవలదే గీ పడుగు, తొవ్వల అడ్డం?”

పెద్దబాపు అవతలి కొస నుంచి తలెత్తి చూశాడు.  నేను కర్ర వదల్లేదు.

“మా పెద్దబాపుది” అన్నాను. “ఈ ఊళ్లె గీ తీరు అంచు నేసేటోడు ఇంకోడు లేడు. దారాలకు తాకుతది, సైకిలు దిగి నడువు.”

పదేళ్ల పిల్లను. పెద్దమనిషిని అట్లా అనకూడదు. అవ్వ కుంచె ఆపి నోరు నొక్కుకుంది. మేస్త్రి నన్ను చూశాడు, పడుగు పొడవునా చూశాడు, ఆ కొసన కూర్చున్న పెద్దబాపును చూశాడు. తర్వాత సైకిలు దిగాడు. ఇండ్ల గోడల పక్కగా, దారాలకు అంగీ తాకకుండా ఒదిగి, సైకిలు నడిపించుకుంటూ మెల్లగా నడిచిపోయాడు. పెద్దబాపు పక్కకు వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. పెద్దబాపు తల ఊపాడు.

నా నోరు లేచింది ఆ రోజే అని మా అవ్వ పోయేదాకా అంటూనే ఉండేది. నిజమే. అప్పుడు లేచిన నోరు, నా మోకాలు పడిపోయినా ఇంకా పడిపోలేదు.